బండమీద పొత్తు సేద్యం



మామిడితోటలోకి వెళ్ళి, పదిహేనిరవై యేండ్ల చెట్టు మొదలు ఒకసారి పరికించి చూడండి. బెరడు మీద రూపాయి బిళ్ళంత, కొన్నిచోట్ల అరచేయంత, బూడిదరంగు మచ్చలు కనిపిస్తవి. కొన్ని సున్నం చిలకరించినట్లు తెల్లగా వుంటవి. కొన్ని అంచులు రేగి, యెండుటాకు తునకను జిగురుతో అతికించినట్లు వుంటవి. మన ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం వైపు రైతులు వీటిని చూచి “చెట్టుకు తామర పట్టింది” అంటారు. మరికొందరు “బొల్లి వచ్చింది” అంటారు. మనిషి చర్మానికి వచ్చే జబ్బులాంటిదే చెట్టు బెరడుకు కూడా వచ్చిందని వారి భావం. ఆ భావంతోటే మందుల దుకాణానికి పోతారు. అక్కడ ఏదో ఒక డబ్బా చేతికి రాకమానదు.

ఆ డబ్బా కొనక ముందు ఈ మచ్చ ఏమిటో తెలుసుకొందాం. ఇది చెట్టుకు వచ్చిన జబ్బు కాదు. ఇదే మచ్చ గుట్ట మీది గుండుకూ వుంటుంది, పాత సమాధి రాయికీ వుంటుంది, పెంకుటింటి కప్పుకూ వుంటుంది. చెట్టుకంటే జబ్బు వచ్చిందనుకొందాం, మరి బండకు జబ్బేమిటి?

దీనిని శాస్త్రజ్ఞులు లైకెన్ అంటారు. ఇందులో ఒక రకం మీ వంటింటికి ఏనాడో వచ్చింది. బిర్యానీకో, మాంసం కూరకో మసాలా నూరేటప్పుడు లవంగం, దాల్చినచెక్క, మరాఠి మొగ్గల పక్కన నల్లగా, తేలికగా, యెండిన తోలు ముక్కల్లాంటిది ఒకటి వేస్తారు గదా, అదే రాతిపువ్వు. హైదరాబాదు బజారులో పత్తర్ కా ఫూల్ అని అడిగితే ఇస్తారు. ఆయుర్వేదంలో దీనికి శైలేయమని పేరు. పేరుకు పువ్వేగాని ఇది పువ్వు కాదు. ఆకు కాదు. నాచు అందామంటే ఒట్టి నాచు కాదు, బూజు అందామంటే ఒట్టి బూజూ కాదు. రెండూ కలిసి చేసే కాపురం.

ఒక చిన్న పరీక్ష చేయండి. దీనికి యంత్రం అక్కరలేదు, ఒక చెంబెడు నీళ్ళు చాలు. యెండకాలంలో బెరడు మీది బూడిదరంగు మచ్చ ఒకదానిని యెంచుకొని, దాని మీద నీళ్ళు మెల్లగా పోయండి. కొద్ది నిమిషాలు ఆగండి. బూడిదరంగు పోయి అందులోనుంచి ఆకుపచ్చ తేలుతుంది. యెండినప్పుడు పైపొర కాగితంలాగా మసకగా వుండి లోపలి రంగును కప్పివేస్తుంది. తడిసినప్పుడు ఆ పొర గాజులాగా పారదర్శకమై లోపలి పచ్చదనాన్ని చూపుతుంది. ఇప్పుడు గోటితో కొంచెం గీరండి. పైన బూడిదరంగు పొర, దాని కింద సన్నని పచ్చటి గీత, దాని కింద దూదివంటి తెల్లటి పోగులు. భూతద్దం వుంటే ఇంకా బాగా కనిపిస్తుంది.

ఆ తెల్లటి పోగులు బూజుకు చెందినవి. రొట్టె మీద పట్టే బూజు, వానాకాలంలో పుట్టమీద లేచే పుట్టగొడుగు, వేరుశనగకు వచ్చే తిక్క ఆకుమచ్చ – ఇవన్నీ ఆ కులం వారే. పుస్తకాలలో శిలీంధ్రాలంటారు. ఈ కులానికి ఒక పెద్ద లోటు వున్నది. దేహంలో ఆకుపచ్చ పదార్థం లేదు. అంటే సూర్యరశ్మితో అన్నం వండుకొనే పొయ్యి లేదన్నమాట. అందుకే చచ్చినదాని మీదనో, బ్రతికినదాని మీదనో పడి తినవలసివస్తుంది. మనకు తెగుళ్ళు తెచ్చే శిలీంధ్రాలు చేసే పని అదే.

మధ్యలోని పచ్చటి గీత నాచుది. మన బావుల గోడలకు, కుంటల నీళ్ళలో పట్టే నాచుకు ఇది దూరపు చుట్టం. ఒక్కొక్క నాచుకణం కంటికి కనపడనంత చిన్నది. దానికి పొయ్యి వున్నది, యెండ తగిలితే గాలినుంచి బొగ్గుపులుసు వాయువును తీసుకొని చక్కెర వండుకొంటుంది. కాని ఇల్లు లేదు. నున్నటి బండ మీద, మే నెల యెండలో, ఒంటరి నాచుకణం యెంతసేపు నిలుస్తుంది? దానికి నీడ కావాలి, తడి కావాలి, అంటిపెట్టుకొనే పట్టు కావాలి.

ఒకరికి పొయ్యి లేదు, ఇంకొకరికి ఇల్లు లేదు. శిలీంధ్రం తన పోగులను దగ్గరగా నేసి మిద్దెలాంటి పైపొర వేస్తుంది. దాని కింద, యెండ సన్నగా దిగేచోట, నాచుకణాలను వరుసగా నిలుపుతుంది. కింద దూదిలాగా వదులైన పొర వేసి గాలి ఆడేటట్లు చూస్తుంది. అట్టడుగున పోగులతో రాతినో బెరడునో పట్టుకొంటుంది. వానచినుకు పడితే పీల్చుకొంటుంది, మంచుపడితే పీల్చుకొంటుంది, గాలిలోని దుమ్ము వెంట వచ్చే లవణాలను కూడ పోగుచేస్తుంది. దీనికి ప్రతిఫలంగా నాచు తాను వండిన చక్కెరలో పెద్ద వాటా శిలీంధ్రానికి విడిచిపెడుతుంది.

మన పల్లెలలో పొత్తు సేద్యం మీకు తెలియనిది కాదు. ఒకరికి భూమి, ఒకరికి యెద్దులు. ఒకరిది బావి, ఒకరిది రెక్కల కష్టం. పంట వచ్చాక పంచుకొంటారు. లైకెన్‌లో జరిగేది ఇంచుమించు అదే. అయితే మీలో యెవరైనా “పంపకం న్యాయంగా జరుగుతున్నదా?” అని అడిగితే, అది తెలివైన ప్రశ్న అని ఒప్పుకోవలసిందే. శాస్త్రజ్ఞులలో కూడ ఈ తగవు నూటయాభై యేండ్లుగా నడుస్తున్నది.

1867కు ముందు లైకెన్‌ను ఒకే మొక్క అనుకొనేవారు. ఆ యేడు స్విట్జర్లాండుకు చెందిన సైమన్ ష్వెండెనర్ అనే శాస్త్రజ్ఞుడు, ఇది ఒకటి కాదు, రెండు జీవులు అని చెప్పాడు. అంతటితో ఆగక, శిలీంధ్రం యజమాని, నాచు దాని చెరలో పడిన బానిస అని వర్ణించాడు. లైకెన్లనే జీవితమంతా చదివిన పెద్దలకు ఇది రుచించలేదు. ఫిన్లాండుకు చెందిన నైలాండర్ వంటి ఉద్దండులు గట్టిగా యెదిరించారు. కాని సూక్ష్మదర్శిని కింద చూచిన కొద్దీ ష్వెండెనర్ మాటే నిలిచింది. 1878లో జర్మనీ శాస్త్రజ్ఞుడు డి బారీ, రెండు వేరువేరు జాతుల జీవులు కలిసి బ్రతకడాన్ని ‘సహజీవనం’ అన్న అర్థం వచ్చే మాటతో వివరించి, లైకెన్లను అందుకు ఉదాహరణగా చూపాడు. పప్పుజాతి పంటల వేర్లలోని బుడిపెల గూర్చి మనం ఈనాడు వాడే సహజీవనమనే మాట ఆ దారినే వచ్చింది.

మరి బానిసా, భాగస్వామా? ప్రయోగశాలలో ఇద్దరినీ విడదీసి పెంచి చూచారు. శిలీంధ్రం విడిగా పెరిగితే ఆకారం లేని చిన్న ముద్దగా, అతి మెల్లగా పెరుగుతుంది. బండ మీద చూచే అందమైన రేకులూ అంచులూ దానికి రావు. నాచు విడిగానూ బ్రతుకుతుంది, అయితే శిలీంధ్రానికి పోసినట్లు చక్కెరను బయటికి పోయడం కొద్ది రోజులలోనే మానుకొంటుంది. అంటే పోయించుకొనేది శిలీంధ్రమే. దీనిని చూస్తే పంపకంలో శిలీంధ్రానిదే పైచేయి అనిపిస్తుంది. కాని ఆ నాచు ఈ బండ మీద, ఈ యెండలో, మరొక విధంగా నిలవలేదన్నది కూడ అంతే నిజం. నన్నడిగితే, కౌలు కొంచెం బరువైన పొత్తు అంటాను. బానిసత్వమని మాత్రం అనను.

ఇద్దరే అనుకొన్న ఈ కాపురంలో మరొకరు కూడ వున్నట్లు 2016లో బయటపడింది. కొన్ని రకాల లైకెన్ల పైపొరలో, మొదటి శిలీంధ్రంతో పాటు, కల్లు పులియడానికి కారణమయ్యే ఈస్టు వంటి మరొక శిలీంధ్రం కాపురముంటున్నదని పరిశోధకులు చూపారు. అది అక్కడ ఏమి పని చేస్తున్నదో, అన్ని రకాలలోనూ దానికి అంతే ప్రాధాన్యం వున్నదో లేదో అనే విషయమై చర్చ ఇంకా సాగుతున్నది.

ప్రపంచంలో లైకెన్లు ఇరవై వేల రకాల వరకు వున్నవని అంచనా. మన దేశంలో రెండు వేలకు పైగా రకాలను గుర్తించారు. ఈ లెక్క తేలడానికి లక్నో విశ్వవిద్యాలయానికి చెందిన ధరణీధర్ అవస్థి గారి కృషి పునాది. మన దేశపు లైకెన్లతో పాటు ఇరుగుపొరుగు దేశాల లైకెన్ల పట్టికను కూడ ఆయన 1965లో వెలువరించారు. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థలో ఈ పని ఇప్పటికీ నడుస్తున్నది.

ఇక ఈ పొత్తు యెంత గట్టిదో చూడండి. మెట్టపైరుకు ఇరవై రోజులు వాన లేకపోతే మనం ఆకాశం వైపు చూస్తాం. లైకెన్ నెలల తరబడి యెండిపోయి, చేత్తో నలిపితే పొడి అయ్యేటంతగా పెళుసెక్కి, చచ్చినట్లే పడివుంటుంది. చావదు. తడి తగిలితే నిమిషాలలో మేల్కొని మళ్ళీ వంట మొదలుపెడుతుంది. పచ్చనాచు వున్న రకాలకు వాన కూడ అక్కరలేదు, తెల్లవారుజాము గాలిలోని చెమ్మ చాలు. యెండ యెక్కేలోపల ఆనాటి పని ముగించుకొని తిరిగి నిద్రకు జారుకొంటవి. 2005లో ఐరోపా దేశాలవారు రెండు రకాల లైకెన్లను రోదసిలోకి పంపి, గాలి లేని చోట, సూర్యుని తీక్ష్ణకిరణాలకు సుమారు రెండు వారాలు వదలిపెట్టారు. తిరిగి వచ్చాక తడిపి చూస్తే అవి బ్రతికే వున్నవి. అంతటి ఘటానికి మన రాళ్ళగుట్ట ఒక లెక్కా!

అయితే ఈ ఓర్పుకు వెల వున్నది. పని చేసేది రోజుకు కొద్ది గంటలే గనుక పెరుగుదల చాల మెల్లగా వుంటుంది. రాతికి పెచ్చులాగా అంటుకొని పెరిగే రకాలలో అనేకం యేడాదికి అర మిల్లీమీటరు, మహా అయితే ఒకటి రెండు మిల్లీమీటర్లు అంచు జరుపుతవి. అర మిల్లీమీటరు లెక్కన పది సెంటీమీటర్ల వెడల్పు పెచ్చుకు నూరేండ్లు కావాలి. గుట్టమీద మీరు కాలు పెట్టే మచ్చ మీ తాతకంటె పెద్దదై వుండవచ్చు.

ఇప్పుడు భూమి సంగతికి వద్దాం. మన చెల్క, దుబ్బ నేలలు యెక్కడినుంచి వచ్చినవి? ఈ గుట్టల నుంచే. హైదరాబాదు చుట్టూ వున్న ఈ నల్లరాయి, యెర్రరాయి గుండ్లు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. యెండకు వేగి, వానకు తడిసి, పగిలి, పొడియై మన చేనుకు మన్నుగా వచ్చినవి. ఆ పనిలో యెండవానలకు తోడు కూలికి వచ్చినవాళ్ళలో లైకెన్ ఒకటి. దాని పోగులు రాతి రవ్వల సందులలోకి దూరుతవి. తడిసినప్పుడు వుబ్బి, యెండినప్పుడు ముడుచుకొని, రవ్వలను కొద్దికొద్దిగా కదిలిస్తవి. అంతేగాక కొన్ని రకాలు ఆక్సాలికామ్లమనే పులుపును వదలి రాతిలోని ఖనిజాలను కరగిస్తవి. అలా రాలిన రవ్వ, చచ్చిన లైకెన్ పొడి, గాలి తెచ్చిన దుమ్ము కలిసి బండ గుంటలో చిటికెడు మన్ను అవుతుంది. అందులో పచ్చటి పాకుడు మొలుస్తుంది, తరువాత గడ్డి మొలుస్తుంది, ఏదో ఒకనాటికి సీతాఫలం గింజ పడి మొక్క లేస్తుంది. గుట్టల మీద బండసందున సీతాఫలం చెట్టు యెట్లా నిలిచిందని ఆశ్చర్యపోయేవారు దాని మొదట చూడండి.

లైకెన్లలో చిన్న భాగం, పదింట ఒకటి అనుకోవచ్చు, పచ్చనాచుకు బదులు నీలి ఆకుపచ్చ నాచును భాగస్వామిగా పెట్టుకొంటవి. ఈ నాచు గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా మార్చగలదు. అంటే ఆ యింటిలో అన్నంతో పాటు యూరియా కూడ తయారవుతున్నదని వరసకు చెప్పుకోవచ్చు. ఇదే నీలి ఆకుపచ్చ నాచు వరిమడిలో నత్రజనిని నిలుపుతున్నదని 1939లో మన ఉపఖండపు శాస్త్రజ్ఞుడు పి.కె. డే రుజువు చేశాడు. చెరువు కింద వరి వేసేవారు వాడే అజొల్లాలో కూడ ఇదే పొత్తు. అజొల్లా నీటిమీద తేలే చిన్న మొక్క. దాని ఆకు గుంటలలో నీలి ఆకుపచ్చ నాచు కాపురముండి నత్రజని యిస్తుంది. కంది, పెసర, వేరుశనగ వేర్ల బుడిపెలలో మాత్రం వుండేది నాచు కాదు, రైజోబియం అనే సూక్ష్మజీవి. ఇల్లు ఇచ్చేది మొక్క, నత్రజని ఇచ్చేది అతిథి. ఈ లెక్కలన్నీ ఒకే తరహావి గనుక ఒకచోట చెప్పాను. వాటి వాడకం గూర్చి విడిగా మాట్లాడుకోవాలి.

తిరిగి మన మామిడిచెట్టు దగ్గరకు వద్దాం, డబ్బు ఖర్చయ్యేది అక్కడే గనుక.

చెట్టుమీద చేరి చెట్టును తినేదానికి నిజమైన ఉదాహరణ కావాలంటే బదనికను చూడండి. బదనిక తన వేరును మామిడికొమ్మ కట్టెలోకి దించి నీరూ లవణాలూ లాగుతుంది. ఆ కొమ్మ కొసనుంచి యెండుతుంది. దానిని వుపేక్షించకూడదు, పూత, కాయ రాకముందే, అంటుకొన్నచోటికి కింది నుంచి కొమ్మతో సహా కోసివేయాలి. లైకెన్ అట్లా కాదు. మన తోటల బెరడు మీద వుండే రకాలు, ముఖ్యంగా మైదాన ప్రాంతాల మామిడి మీద సర్వసాధారణమైన పిక్సైన్, డిరినేరియా జాతులు, చనిపోయిన పైబెరడును అంటిపెట్టుకొని వుంటవి. వాటి అన్నం వాటి యింటిలోనే వండుతున్నప్పుడు చెట్టు రసంతో వాటికి పనేమున్నది? ఇంటి అరుగు మీద కూర్చున్నవాడికీ, గోడకు కన్నం వేసినవాడికీ వున్న తేడా అది.

“అయితే నీరసించిన చెట్టు మీదనే ఇవి యెక్కువగా యెందుకుంటవి?” అని రైతులు అడుగుతారు. ఈ అనుమానం సహజమే, చూపు కూడ నిజమే. తప్పు కారణం దగ్గర వస్తున్నది. చెట్టు నీరసించింది గనుక ఆకు పలచబడింది. ఆకు పలచబడింది గనుక మొదలుకూ కొమ్మలకూ యెండ తగిలింది. పైగా నీరసించిన చెట్టు లావెక్కదు, బెరడు పెచ్చులూడదు. లైకెన్‌కు కావలసింది వెలుతురూ, కదలని చోటూ. రెండూ దొరికినవి, చేరింది. చెట్టు నీరసానికి లైకెన్ గుర్తు కావచ్చునుగాని కారణం కాదు. చావింటికి చుట్టాలు వచ్చారని చుట్టాల వల్లనే చావు వచ్చిందంటామా?

అసలు ప్రమాదం ఇక్కడ వున్నది. రైతు ఈ మచ్చను చూచి మందు కొడతాడు. రాగి మందు తగిలితే లైకెన్ మాడుతుంది గూడ. మచ్చ పోయింది, మనసు కుదుటపడింది. కాని చెట్టును లోపల తొలుస్తున్న పురుగు అట్లాగే వున్నది, యెండు తెగులు కొమ్మ వెంట కిందికి దిగుతూనే వున్నది. ఒక కాపు పోయాక గాని తెలియదు. కనుక లైకెన్ దట్టంగా పట్టిన చెట్టును చూస్తే మందు గూర్చి కాక చెట్టు గూర్చి ఆలోచించండి. మొదలు చుట్టూ తిరిగి రంధ్రాలు, వాటినుంచి రాలే రంపపు పొట్టు వున్నవేమో చూడండి. వుంటే కాండం తొలిచే పురుగు వున్నట్లే. ఇనుపతీగ కొక్కెంతో పురుగును లాగి, రంధ్రాన్ని శుభ్రం చేసి, మందులో ముంచిన దూదిని లోపలికి కుక్కి బంకమట్టితో మూయాలి. కొమ్మలు కొసలనుంచి యెండుతుంటే, యెండిన భాగానికి కింద రెండు మూడంగుళాల పచ్చి భాగంతో సహా కోసి, కోతకు బోర్డో ముద్ద పూయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీరు దీనికి కొలత. పాదులో నీరు నిలుస్తున్నదా, పశువుల యెరువు పడి యెన్నేళ్ళయింది, బోరు యెప్పటినుంచి తగ్గింది – ఇవి కూడ అడిగి తెలుసుకోవాలి. చాల తోటలలో జవాబు ఈ మూడింటిలోనే దొరుకుతుంది.

కొందరు మందుకు బదులు కొడవలి వెనుకవైపుతోనో, ఇనుప బ్రష్షుతోనో మచ్చలను గీకివేస్తారు. ఇది మందుకంటె చెడ్డపని. పచ్చిబెరడుకు గాయమైతే పురుగుకూ తెగులుకూ మనమే తలుపు తీసిపెట్టినట్లు అవుతుంది.

అయితే ఒక జాగ్రత్త. చెట్టు మీద కనిపించే ప్రతి మచ్చా నిరపాయకరమని మీరు వెళ్ళిపోకూడదు. ఆకుల మీద మసి పూసినట్లు నల్లటి పొర వుండి, వేలితో తుడిస్తే వస్తుంటే అది మసి మంగు. తేనెమంచు పురుగు విసర్జించే తీపిరసం మీద పెరిగే బూజు. పురుగును అదుపు చేస్తే అదే తగ్గుతుంది. మామిడి, జామ ఆకుల మీద గుండ్రంగా, కొంచెం లేచి, యిటుకపొడి రంగులో మఖమలులాగా మచ్చలు వుంటే అది యెర్ర తుప్పు. పేరు తుప్పేగాని అది నిజమైన తుప్పు తెగులు కాదు. సెఫల్యూరస్ అనే నాచు. నాచుజాతిలో పుట్టి కూడ ఇది మొక్కను పీడిస్తుంది. తోట గుబురుగా, చెమ్మగా వుంటే బలుస్తుంది. గాలి ఆడేటట్లు కొమ్మలు తీసి, లీటరు నీటికి మూడు గ్రాముల చొప్పున కాపర్ ఆక్సీక్లోరైడు పిచికారి చేయాలి. మందు డబ్బా అవసరం ఇక్కడ వున్నది, బెరడు మీది బూడిదరంగు మచ్చకు లేదు.

ఈ యెర్ర తుప్పులో ఒక వింత వున్నది. స్ట్రిగులా అనే శిలీంధ్రం ఈ పీడించే నాచునే పట్టుకొని, ఆకు మీదనే దానితో పొత్తు కట్టి లైకెన్‌గా మారుతుంది. ఎవరు యెవరిని యెప్పుడు పీడిస్తారో, యెప్పుడు కలిసి కాపురం చేస్తారో ప్రకృతిలో అంత తేలికగా గీత గీయలేము.

రాతిపువ్వు గూర్చి ఒక మాట మిగిలింది. ఇంత ధర పలికే వస్తువు మన గుట్టల మీద కూడ వున్నది గదా, గీకి అమ్ముకోవచ్చునా అని అడిగేవారున్నారు. వద్దు. బజారుకు వచ్చే రాతిపువ్వు హిమాలయ ప్రాంతాలనుంచి, పశ్చిమ కనుమల అడవులనుంచి యేరి తెచ్చినది. రేకులు పెద్దవి, సులభంగా వూడివస్తవి. మన బండలకు పట్టినవి చాల వరకు పెచ్చు రకాలు, గీకితే రాతిపొడి వస్తుంది. పైగా అన్ని లైకెన్లూ తినదగినవి కావు, రకం గుర్తించడం నిపుణుల పని. ఇవి గాలిలోని సీసం వంటి లోహాలను కూడ పీల్చి దాచుకొంటవి గనుక రోడ్డు పక్క చెట్టుమీదివి, కంకర మిల్లుల దగ్గరివి వంటకు అసలే పనికిరావు. తినడానికి మాత్రమే కాదు, వాడుకకూ లైకెన్లు పాతవే. బడిలో పులుపును యెర్రగా, క్షారాన్ని నీలంగా చూపిన లిట్మస్ కాగితం మీకు గుర్తున్నదా? ఆ రంగును కూడ మొదట లైకెన్ల నుంచే తీశారు.

ఈ పీల్చే గుణం వల్లనే లైకెన్ గాలికి కొలబద్ద అయింది. ఆకుకు వుండే మైనపు పూత దీనికి లేదు, గాలిలో యేది వుంటే అది లోపలికి పోవలసిందే. బొగ్గు పొగలోని గంధకపు వాయువుకు నాచు త్వరగా చస్తుంది, నాచు చస్తే పొత్తు చెడుతుంది. 1866లోనే పారిస్ నగరపు తోటలలో లైకెన్లు కొన్నిచోట్ల వుండి కొన్నిచోట్ల లేకపోవడాన్ని గాలి మంచిచెడ్డలతో ముడిపెట్టి చెప్పినది, ఇందాక మనం చెప్పుకొన్న నైలాండరే. ష్వెండెనర్ మాటను కాదన్న ఆయన చూపు ఈ సంగతిలో యెంత నిశితమో చూడండి. మీ వూరిలో కూడ పోల్చి చూడవచ్చు. లారీలు తిరిగే బాట పక్క చింత, వేపల మొదళ్ళు ఒకసారి, అరమైలు లోపల అదే వయసు చెట్ల మొదళ్ళు ఒకసారి చూడండి. దుమ్మును తట్టుకొనే రకాలు కూడ కొన్ని వున్నవి గనుక మచ్చలు యెన్ని అన్నదానితో పాటు యెన్ని రకాలు అన్నది కూడ లెక్కపెట్టాలి.

విస్తరణ కార్యకర్తలకు ఒక సూచన. రైతు వేదికలో ఈ విషయం మాటలతో చెబితే నిలవదు. తోటలోకే తీసుకువెళ్ళండి. ఒక చెంబు నీరు, ఒక భూతద్దం, చేతిలో కొద్దిగా బజారు రాతిపువ్వు వుంచుకోండి. మచ్చ పచ్చబడడం రైతు కళ్ళతో చూడాలి, పచ్చటి గీతను రైతే గోటితో గీరి చూడాలి. ఆ పక్కనే బదనిక పట్టిన కొమ్మను కోసి, కట్టెలోకి దిగిన వేరును చూపండి. యెర్ర తుప్పు ఆకు కూడ ఒకటి చేతికి ఇవ్వండి. మూడూ పక్కపక్కన చూచినవాడు మళ్ళీ మూడింటికీ ఒకే డబ్బా అడగడు.

తరువాత గుట్ట దగ్గరకు వెళ్ళి, నున్నటి గుండు మీద అంచు స్పష్టంగా వున్న మచ్చ నొకదానిని యెంచండి. దాని మీద పలుచని ప్లాస్టిక్ కాగితం పరచి, బండమీద కదలకుండే రెండు మూడు గుర్తులతో సహా, అంచు వెంట సన్నని కలంతో గీత గీయండి. తేదీ వేసి రైతు వేదికలో వుంచండి. వచ్చే యేడు అదే నెలలో, వానలు వెనుకబడ్డాక, అదే కాగితాన్ని అదే గుర్తులమీద పరచి చూడండి. వెంట్రుకవాసి తేడా కనపడితే కనపడవచ్చు. కనపడకపోతే కాగితం పారవేయకుండా పై యేటికి దాచండి.